ఎర్మెన్సియాకు ఇద్దరు తోడు

బొయాకా కొండల్లో ఒంటరిగా పోతున్న ఆడమనిషిని ఎవరితో వెళ్తున్నావని అడిగితే జవాబు ఒకటే. "కొన్ దియోస్ ఇ లా విర్హెన్." దేవుడితో, మరియమ్మతో. అడిగినవాళ్ళు తల ఊపి ఊరుకుంటారు. వెంట ఎవరూ లేరని నోటితో చెప్పుకోవాల్సిన బాధ తప్పించడానికి పూర్వం ఏ మహాతల్లో కనిపెట్టిన మాట అది. ఎర్మెన్సియా తిబదుయిసా తన నలభై ఆరేళ్ళ బతుకులో ఆ మాట ఎన్నిసార్లు వాడిందో లెక్కలేదు. వాడగా వాడగా అరిగిపోయి అందులోని పదాలన్నీ ఒకే మాటగా అతుక్కుపోయాయి. పైగా ఆమె దాన్ని తల దించుకుని, గొంతులో సగం మింగేసి అనేది. తంటా అంతా అక్కడే వచ్చింది.

తోతా సరస్సు ఒడ్డున అకితానియా ఆమె ఊరు. ఊరంతా ఉల్లికాడలే. పొలంలో ఉల్లి, వీధిలో ఉల్లి, చర్చిలో మోకరిల్లిన ఆడవాళ్ళు కప్పుకున్న ఉన్ని రువానా దుప్పట్లలో ఉల్లివాసన. ఎర్మెన్సియా పదిహేనో ఏట ఉల్లికొట్టంలో చేరింది. మట్టి పొర వలిచి, వేళ్ళు కోసి, తెల్లగా కడిగి కట్టలు కట్టడం పని. అక్కడ ఆడవాళ్ళు ఎదురెదురుగా జంటలుగా కూర్చుని వలుస్తారు. చేతిపని చేతిదే, నోటిపని నోటిదే. మొత్తం పదమూడు మంది. ఎవరో ఒకరు జంట లేకుండా బల్ల చివర మిగలాలి కదా, ఆ మిగిలేది ఎర్మెన్సియా. ఎవరూ కావాలని చెయ్యలేదు. కొత్తగా వచ్చినరోజు అక్కడ కూర్చుంది, ముప్ఫై ఏళ్ళు అక్కడే కూర్చుంది. ఒంటికాయ శొంఠికొమ్ము అనేది ఇలాంటి మనిషినే.

తల్లి ఉన్నన్నాళ్ళూ ఇంట్లో రెండు గొంతులు వినపడేవి. ఆమె పోయి ఆరేళ్ళు. తండ్రి ఎప్పుడో పోయాడు, పోతూ పాలక్యాన్లు మోసిన ఇనప సైకిలొకటి వదిలిపోయాడు. అలాంటి సైకిలుని ఆ ఊళ్ళో 'బుర్రా' అంటారు, అంటే ఆడగాడిద. తల్లి పోయాక వచ్చిన మొదటి ఆదివారం గోడగడియారం చప్పుడు భరించలేక ఎర్మెన్సియా ఆ గాడిదెక్కి సరస్సు చుట్టూ తిరిగొచ్చింది. మరుసటి ఆదివారం ఇంకాస్త దూరం. ఏడాది తిరిగేసరికి కొండ దిగి సొగమోసో పట్నం దాకా పోయి, మళ్ళీ ఎల్ క్రుసేరో కనుమ ఎక్కి ఇంటికి రావడం అలవాటైంది. కనుమ ఎక్కుడు ఇరవై కిలోమీటర్లు. మధ్యలో మూడుసార్లో నాలుగుసార్లో దిగి సైకిలుని నడిపించుకుపోయేది.

ఆ కొండల్లో సైకిలు తొక్కడమంటే కాలు కింద పెట్టకుండా కనుమ ఎక్కడం. మిగతాదంతా ఉత్త ప్రయాణం. కోళ్ళు అమ్ముకునేవాడి నుంచి ఫాదరీ దాకా అందరిదీ ఇదే కొలత. ఒక ఆగస్టు ఆదివారం, ఎదురుగాలిలో, తండ్రి పాలసైకిలు మీద, ఎర్మెన్సియా కాలు కింద పెట్టకుండా ఆ కనుమ ఎక్కేసింది. ఎక్కి చుట్టూ చూసింది. చెప్పడానికి మనిషి లేదు. కనుమ మీద పెనం పెట్టుకుని అరెపాలు కాల్చే సగ్రారియో ఒక్కతే ఉంది.

"సగ్రారియో, కాలు కింద పెట్టకుండా వచ్చాను."

"బస్సూ అలాగే వచ్చింది. దాన్నేమన్నా మెచ్చుకున్నానా?" అంది సగ్రారియో, మొక్కజొన్న రొట్టె తిరగేస్తూ.

"ఈ గాడిద మీదే వచ్చాను."

"అయితే గాడిదకి గడ్డి పెడతాను. సుమెర్సెకి ఎన్ని కాల్చమంటావు?"

"ఒకటి."

అక్కడ అందరూ అందరినీ సుమెర్సె అనే అంటారు. అమ్మనీ, పోలీసునీ, తన్నబోతున్న ఆవునీ. మర్యాదకీ అదే, మురిపేనికీ అదే. సగ్రారియో మాటలో ఏది ఎంత ఉందో కనిపెట్టడం కష్టం. ఎర్మెన్సియా అరెపా తిని, వేడి బెల్లం నీళ్ళు తాగి, ఇల్లు చేరి, ఆ కబురు తల్లి ఫోటోకి చెప్పింది. ఫోటో కూడా పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఆ సాయంత్రమే ఆమె అనుకుంది, ఇక తనకంటూ ఒక రేసు సైకిలు కొనుక్కోవాలని. ఊసుపోక తొక్కడం వేరు, మనసుపడి తొక్కడం వేరు. పాలక్యాన్ల కోసం పుట్టిన సైకిలు మీదే ఇంత చేసిందంటే, తన కాళ్ళ కొలతకి సరిపోయే సైకిలు దొరికితే ఇంకెంత చేస్తుందో చూడాలని ఆమెకి ఆశ పుట్టింది. ఆ వయసులో కొత్త ఆశ పుట్టడమే ఒక వింత.

సొగమోసోలో సంత వెనకవీధిలో బెలార్మీనో సైకిళ్ళ కొట్టుంది. డెబ్బై దాటినవాడు. కుర్రతనంలో పందేలు తొక్కి, ఒక లోయలో పడి, ఎడమచెవి పూర్తిగా, కుడిచెవి సగం పోగొట్టుకున్నాడు. దానికి తోడు కొట్లో గాలి మిషను రోజంతా దడదడలాడుతూ ఉంటుంది. ఏ సైకిలు కావాలని ఆయన ఎవరినీ అడగడు.

"ఎంత మనిషి, ఏ దారి, ఎవరితో. ఈ మూడూ చెప్పండి సుమెర్సె, సైకిలు సంగతి నేను చూసుకుంటా" అంటాడు.

ఎంత మనిషో తేల్చడానికి ఒక పాత టెలిఫోన్ డైరెక్టరీ చేతికిచ్చాడు. "గోడకి ఆనుకుని నిలబడండి. ఇది కాళ్ళ మధ్య ఎంతవరకు పోతే అంతవరకు పైకి బిగించి, గోడమీద పెన్సిల్ గీత పెట్టండి. నేను అటు తిరుగుతా. సిగ్గుపడకండి, ఊరివాళ్ళందరి పేర్లూ అందులోనే ఉన్నాయి గానీ ఒక్కడికీ కళ్ళు లేవు."

ఎర్మెన్సియా నవ్వు ఆపుకుని గీత పెట్టింది. ఆయన టేపుతో కొలిచి, అట్టముక్క మీద ఆమె పేరు, కొలత రాసుకున్నాడు. దారి సంగతి ఆమె చెప్పకముందే ఉల్లివాసన చెప్పేసింది. తర్వాత రెండు సైకిళ్ళు దింపి పక్కపక్కన నిలబెట్టాడు. ఒకటి ఎరుపు, ఒకటి బూడిదరంగు. రెండిటికీ సన్నటి టైర్లే, పొట్టేలు కొమ్ముల్లాంటి హ్యాండిలే.

"ఈ బూడిదరంగుది ఒంటరివాళ్ళ సైకిలు. హ్యాండిలు ఎత్తులో ఉంటుంది, గాలి ఎదురైనా నడుం పట్టెయ్యదు. వెనక పెద్ద పళ్ళచక్రం ఉంది, ఎంత ఎక్కుడైనా నిదానంగా లాగెయ్యొచ్చు. పంపుకి చోటుంది, రెండు నీళ్ళసీసాలకి చోటుంది. ఎవరూ లేనప్పుడు అన్నీ మనమే మోసుకోవాలి కదా. ఈ ఎర్రది తోడున్నవాళ్ళది. తేలిక. వంగి తొక్కాలి. ముందువాళ్ళ చక్రానికి జానెడు దూరంలో మన చక్రం పెట్టుకుంటే ఎదురుగాలికి వాళ్ళు అడ్డు కాస్తారు, వాళ్ళు అలిసిపోతే మనం ముందుకెళ్ళి కాస్తాం. మరి సుమెర్సె ఎవరితో తొక్కుతారు?"

ఒంటరివాళ్ళ సైకిలు. ఆ మాట ఆయన ఏమీ అనుకోకుండానే అన్నాడు. ఎర్మెన్సియాకి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. కొట్లో ఇంకో ముగ్గురు మగవాళ్ళు చక్రాలు సరిచేయించుకుంటున్నారు. ఆమె తల దించుకుంది. అలవాటైన మాట అలవాటుగానే, సగం గొంతులో, సగం గాలి మిషను చప్పుడులో వచ్చింది.

"కొందియోసిలావిర్హెన్."

బెలార్మీనో కుడిచెవి ముందుకు పెట్టి విన్నాడు. మొహం విప్పారింది. "దియోసెలీనా, విర్హెలీనా. మంచి పాతకాలం పేర్లు. మా పినతల్లి ఒకావిడ విర్హెలీనా. ముగ్గురు ఆడవాళ్ళు కలిసి కనుమ ఎక్కుతున్నారా? అప్పచెల్లెళ్ళా?"

ఆ కొండల్లో అమ్మాయిలకి దేవుడి పేరు కలిపి దియోసెలీనా అనీ, మరియమ్మ పేరు కలిపి విర్హెలీనా అనీ పెట్టడం మామూలే. చెవిటాయన తప్పేమీ లేదు. అప్పుడే కాదండీ అని ఒక్కమాట అంటే సరిపోయేది. కానీ పెద్దాయన మాట కాదనడం ఆమెకి చేతకాదు. కాదంటే తర్వాత చెప్పాల్సిన మాట ఇంకా చేతకాదు. ఇంకొకటి కూడా ఉంది. ఆ రెండు పేర్లూ ఆయన అంత సంబరంగా పలికేసరికి, బయట అరుగు మీద నిజంగానే ఇద్దరు తనకోసం కూర్చుని ఉన్నట్టు ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణం చాలా బాగుంది.

"స్నేహితులం" అంది ఎర్మెన్సియా.

మొహమాటానికి పోతే కడుపొచ్చిందని ఊరికే అనలేదు పెద్దలు.

"అయితే ఎర్రదే. మారుమాట లేదు. పంపు ఎవరిదగ్గరుంది?"

"విర్హెలీనా దగ్గర."

"చాలు. ముగ్గురికి ఒక పంపు చాలు, బరువెందుకు." ఆయన అట్టముక్క మీద ఆమె పేరు కింద ఆ రెండు పేర్లూ రాసి మేకుకి తగిలించాడు. వెళ్ళేటప్పుడు తన కొట్టు పేరున్న నూలు టోపీలు మూడు ఆమె చేతిలో పెట్టాడు. "తలో ఒకటి. బెలార్మీనో ఇచ్చాడని చెప్పండి."

ఎర్మెన్సియా ఆ మూడు టోపీలూ ఇంట్లో తలుపు వెనక మూడు మేకులకి తగిలించింది. ఆరేళ్ళ తర్వాత ఆ ఇంట్లోకి మనుషులొచ్చినట్టు కనిపించింది. ఒక ఆదివారం ఒకటి, ఇంకో ఆదివారం ఇంకొకటి పెట్టుకునేది, మూడూ సమానంగా మాసేవి.

ఎర్ర సైకిలు నిజంగా అందమైనది. సరస్సు పక్కన చదునుదారిలో అది తొక్కినట్టుండదు, జారినట్టుంటుంది. మొదట్లో నవ్వులాటగానే అనేది, "దియోసెలీనా, ఇక నీ వంతు" అని. అని రోడ్డు పక్కకి తప్పుకునేది, వెనకనుంచి ఎవరో ముందుకు రావడానికి దారిచ్చినట్టు. ఎదురొచ్చే ఉల్లిలారీల డ్రైవర్లు ఈవిడకేమైందో అనుకుని ఉంటారు. రానురాను ఆ ఇద్దరికీ గుణాలు కూడా వచ్చేశాయి. దియోసెలీనా వాగుడుకాయ. మోకాలు నొప్పంటుంది, చలంటుంది, ఇంకెంత దూరమంటుంది. విర్హెలీనా మాట్లాడదు, బలమైన మనిషి, పంపు ఆమె దగ్గరుంటుంది. కొట్టంలో బల్ల చివర కూర్చుని ఉల్లి వలుస్తూ, దియోసెలీనా ఇప్పుడు ఏమనేదో ఊహించుకుని ఎర్మెన్సియా తనలో తాను నవ్వుకునేది. ఎదురుబల్లవాళ్ళు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకునేవాళ్ళు.

"ఎర్మెన్సియా, ఎవడే వాడు?" అని ఒకసారి అడిగింది ఒకావిడ.

"వాడు కాదు, వాళ్ళు" అంది ఎర్మెన్సియా.

కొట్టమంతా గొల్లుమంది. ఆమె కూడా నవ్వింది. ముప్ఫై ఏళ్ళలో ఆ బల్ల దగ్గర ఆమె మాటకి అందరూ నవ్వడం అదే మొదలు.

కానీ కనుమ అబద్ధాలు వినదు. ఎర్ర సైకిలు మీద మొదటిసారి ఎక్కినప్పుడే, కార్మెన్ మాత అని పిలిచే మరియమ్మ చిన్న గుడి ఉన్న నాలుగో మలుపులో ఆమె కాళ్ళు ఆగిపోయాయి. గేర్లన్నీ అయిపోయాయి, ఇంకా తేలికైనది లేదు. ముందు గాలి కాసేవాళ్ళూ లేరు. పెడలు కదలలేదు. కాలు కింద పెట్టింది. కొత్త సైకిలు కదా, అలవాటు కావాలి అనుకుంది. మరుసటి ఆదివారం మళ్ళీ అదే మలుపు, మళ్ళీ కాలు. ఆ తర్వాతా అంతే. తండ్రి ఇనప గాడిద మీద ఎక్కగలిగిన కనుమ, రెక్కలున్న సైకిలు మీద ఎక్కలేకపోతోంది. ఆమె తన కాళ్ళనే తిట్టుకుంది. వయసునీ తిట్టుకుంది.

బెలార్మీనో కొట్టుముందునుంచి పోతుంటే ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చేవాడు.

"వంతులు సరిగ్గా వేసుకుంటున్నారా?"

"ఆ."

"వాళ్ళేరీ?"

"వెనకొస్తున్నారు."

"దియోసెలీనా మోకాలికి ఆముదం రాయమనండి."

మోకాలి సంగతి ఆమే ఒకసారి నోరు జారి చెప్పింది. ఇప్పుడు ఆయన ప్రతివారం అడుగుతున్నాడు. ఎర్మెన్సియా గురించి అలా ఎవరూ ఎప్పుడూ అడగలేదు. దియోసెలీనా అంటే ఆ పూట ఆమెకి కొంచెం కుళ్ళు కూడా పుట్టింది.

నవంబరులో ఒక ఆదివారం, కనుమకి ఇంకా ఆరు కిలోమీటర్లు ఉందనగా, సన్నటి వాన మొదలైంది. అక్కడే వెనకచక్రం బుస్సుమంది. ఎర్మెన్సియా దిగి, చక్రం ఊడదీసి, జేబులోంచి కొత్త ట్యూబు తీసి, చలికి మొద్దుబారిన వేళ్ళతో లోపల కూర్చోబెట్టింది. అన్నీ చక్కగా చేసింది. చేసి, చెయ్యి వెనక్కి చాపి, "విర్హెలీనా, పంపు" అంది.

నవ్వులాటకి అనలేదు. నిజంగానే అంది. చెయ్యి అలాగే చాపి ఉంచింది. అరచేతిలో వానచుక్కలు పడ్డాయి. అప్పుడు చెయ్యి వెనక్కి తీసుకుని చూసుకుంది. రోడ్డు మీద పైకీ కిందికీ ఎవరూ లేరు. ఆమెకి ముందు కోపమొచ్చింది, విర్హెలీనా మీద, అంత నమ్మినందుకు. తర్వాత భయం వేసింది. తను ఎంత ఒంటరిదంటే లేని మనిషి మీద అలిగేటంత ఒంటరిదని ఆ తడిసిన రోడ్డు మీద ఆమెకి అర్థమైంది. అది అర్థం కావడం పంక్చరు కన్నా చాలా పెద్ద కష్టం.

సైకిలు భుజాన వేసుకుని ఒక్కోసారి, నడిపించుకుంటూ ఒక్కోసారి, కనుమ దాటి ఇంటికి చేరేసరికి సాయంత్రమైంది. ఎందుకు ఆలస్యమైందని అడిగేవాళ్ళు లేరు. తలుపు మూస్తే వెనక రెండు టోపీలు కనిపించాయి, మూడోది తడిసి తలమీద ఉంది. మడమల మీది బొబ్బలకి ఉప్పునీళ్ళు పెట్టుకుంటూ ఆలోచించింది. దారి సులువే. బెలార్మీనో దగ్గరికి వెళ్ళి ఒంటరివాళ్ళ సైకిలు ఇమ్మనాలి. అలా అడగాలంటే మాత్రం, ఎన్నడూ నోటితో అనని ఆ ఒక్కమాటా అనాలి. దేవుణ్ణీ మరియమ్మనీ అడ్డుపెట్టుకోకుండా అనాలి. అనకపోతే ఆ నాలుగో మలుపు దగ్గర బతికినన్నాళ్ళూ కాలు కింద పెడుతూనే ఉండాలి. వారమంతా ఆ మాటని నోట్లో వేసుకుని, నమలలేక, మింగలేక తిరిగింది. శనివారం కొట్టానికి సెలవు చెప్పి, సైకిలుని బస్సు మీద వేసుకుని సొగమోసో వెళ్ళింది.

కొట్లో నలుగురు మగవాళ్ళు ఆదివారానికి సైకిళ్ళు సిద్ధం చేసుకుంటున్నారు. గాలి మిషను దడదడలాడుతోంది. ఎర్మెన్సియా ఆ ఇద్దరి టోపీలూ బల్లమీద పెట్టింది.

"డోన్ బెలార్మీనో, ఈ సైకిలు మార్చండి."

"ఏం, దియోసెలీనాకి రంగు నచ్చలేదా?"

"దియోసెలీనా లేదు."

"ఎక్కడికెళ్ళింది?"

"ఎక్కడికీ వెళ్ళలేదు. లేదు."

బెలార్మీనో టోపీల వంక చూశాడు. తన తలమీది టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. శిలువ గుర్తు వేసుకున్నాడు. "అయ్యో తల్లీ. ఎప్పుడు పోయింది?" ఆయన్ని చూసి ఆ నలుగురూ టోపీలు తీశారు. "మరి విర్హెలీనా ఎలా తట్టుకుంటోంది?"

చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఏమిటో ఎర్మెన్సియాకి ఆరోజు తెలిసింది. ఇంకొకరైతే ఆ చావునే ఒప్పేసుకుని గట్టెక్కేవాళ్ళు. ఒక్క క్షణం ఆమెకీ ఆ బుద్ధి పుట్టింది. అప్పుడు ఏడ్చినా తప్పులేదు, ఓదార్చేవాళ్ళూ ఉంటారు. కానీ మడమలు ఇంకా మండుతున్నాయి.

"చచ్చిపోలేదు. అసలు లేదు. ఇద్దరూ లేరు. నేను ఒక్కదాన్నే."

"ఏమిటీ?" ఆయన చెవి దగ్గరికి చెయ్యి పెట్టుకున్నాడు.

"ఒక్కదాన్నే."

"ఈ మిషను గోలలో వినపడదమ్మా. కాస్త గట్టిగా."

ఆ నలుగురిలో ఒకాయన సాయం చేద్దామని లేచి మిషను ఆపేశాడు. దడదడ ఠక్కున ఆగిపోయింది. ఎర్మెన్సియా అరుపు అప్పటికే గొంతు దాటింది.

"ఒక్కదాన్నే తొక్కుతాను. నాకెవరూ లేరు."

ఆ మాట కొట్లో వేలాడుతున్న చక్రాలన్నిటికీ వినపడింది. వీధిలో బంగాళదుంపలమ్మే ఆవిడ కూడా తల తిప్పి చూసింది. ఎర్మెన్సియా మొహం కందగడ్డలా అయింది. తల మాత్రం దించుకోలేదు, ఎందుకో దించుకోవాలని గుర్తురాలేదు.

"మరి ఆరోజు నాతో ఏమన్నారు సుమెర్సె?" అన్నాడు బెలార్మీనో మెల్లగా.

"దేవుడితో, మరియమ్మతో అన్నాను."

ఆయన పెదాలు కదిపి ఆ రెండూ పోల్చి చూసుకున్నాడు. దియోస్, దియోసెలీనా. విర్హెన్, విర్హెలీనా. వెనకనుంచి ఒకడికి నవ్వు తన్నుకొచ్చింది. బెలార్మీనో అటు చూసిన చూపుకి వాడు నవ్వుని దగ్గులోకి మార్చుకున్నాడు. ముసలాయన మేకుకున్న అట్టముక్క తీశాడు. చెవి వెనకున్న పెన్సిలూ తీశాడు.

"రెండు పేర్లూ కొట్టెయ్యనా?"

ఎంత మామూలు ప్రశ్న. ఎర్మెన్సియా ఆ అట్టముక్క వంక చూసింది. మోకాలు నొప్పంటూ వాగే దియోసెలీనా, మాట్లాడకుండా పక్కన ఉండే విర్హెలీనా. ఈ మూడు నెలలూ ఆమెతో ఉన్నది వాళ్ళే. పుట్టనివాళ్ళని తీసెయ్యడానికి ఇంత కష్టమేమిటో ఆమెకి తెలియలేదు.

"రెండూ" అంది. కన్నీళ్ళు వచ్చాయి. ఉల్లి వలిచే మనిషికి ఏడుపు కొత్త కాదు గానీ, ఈ నీళ్ళు వేరు.

బెలార్మీనో ఓదార్చలేదు. ఆయనకి తెలిసిన ఓదార్పు స్పానర్లతోనే. "బూడిదరంగుది పోయినవారమే అమ్మేశాను. పర్లేదు. ఈ ఫ్రేము కొలత సుమెర్సెదే, అది సరిపోయింది. మిగతావే మీవి కావు" అని సైకిలుని స్టాండుకి ఎక్కించాడు. వెనక పళ్ళచక్రాలు తీసి పెద్దవి వేశాడు. హ్యాండిలు రెండువేళ్ళు పైకి లేపాడు. రెండో నీళ్ళసీసాకి చోటు బిగించాడు. చివరికి పొడుగాటి పంపొకటి తెచ్చి ఫ్రేముకి గట్టిగా తగిలించి, లాగి చూశాడు. టోపీలు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"ఉంచుకోండి. ఒకటి తడిస్తే ఇంకొకటి. ఒక్కరే పోయేవాళ్ళకే సరంజామా ఎక్కువ కావాలి."

ఆ నలుగురూ ప్రతి ఆదివారం కలిసి కనుమ ఎక్కేవాళ్ళే. మాతో రమ్మని ఎవరూ అనలేదు. మిషను ఆపినాయనకి అనాలని అనిపించినట్టుంది, ఆమె బయటికి వస్తుంటే గొంతు సవరించుకున్నాడు. తర్వాత కిందికి చూసి మిషను మళ్ళీ వేశాడు.

ఎర్మెన్సియా ఆ మధ్యాహ్నమే కనుమ మొదలుపెట్టింది. గాలి ఎదురుగానే ఉంది. ఎవరికీ దారివ్వడానికి పక్కకి తప్పుకోలేదు. రోడ్డు చాలా నిశ్శబ్దంగా ఉంది, చైను చప్పుడు కూడా వినపడేటంత. నాలుగో మలుపులో కార్మెన్ మాత గుడి దగ్గర అలవాటుగా ఏదో అనబోయి, నోరు మూసుకుని, కొత్త గేరు వేసింది. కాళ్ళు ఆగలేదు. నత్తలా పోయింది, కానీ పోయింది. రెండుచోట్ల పడిపోతాననుకుంది. పడలేదు. కాలు కింద పెట్టకుండా పైదాకా వచ్చేసింది. పైన మళ్ళీ మంచూ, చలీ, పెనం దగ్గర సగ్రారియో.

ఈసారి ఆ కబురు చెప్పలేదు. సైకిలు గోడకి ఆనించి, పెనం సెగకి చేతులు చాపింది. సగ్రారియో ఆమె వణుకుతున్న కాళ్ళనీ, ఎర్ర సైకిలునీ, దానికున్న కొత్త పంపునీ ఒకసారి చూసింది.

"ఈ వేళకాని వేళ, ఈ చలిలో, ఎవరితో వచ్చావే?"

ఎర్మెన్సియా చేతులు పెనం సెగనుంచి వెనక్కి తీసుకుంది. ఊపిరి అందనిచ్చింది. తర్వాత తల ఎత్తి, ఒక్కో మాటా విడివిడిగా, ఏ చెవిటివాడికైనా అర్థమయ్యేలా పలికింది.

"కొన్. దియోస్. ఇ లా. విర్హెన్."

"అంటే ముగ్గురన్నమాట" అంది సగ్రారియో, పిండి చేతిలోకి తీసుకుంటూ. "మూడు కాల్చనా?"

"వాళ్ళు తినరులే. ఒకటి ఇవ్వు."